గిన్నె నడక

1

చివరి రోజు సంగతి ముందే రాసేస్తాను. తర్వాత రాయాల్సిన వాటికి అడ్డు రాకుండా ఉంటుంది.

నా భార్య వకుళ ఉదయం లేచి, నేను చేసిన ఉప్మాలో ఉప్పు లేదంది. ఉంది. అయినా ఇంకొంచెం వేశాను. టీ తాగుతూ తాడు కొసలు విడిపోకుండా దారం చుట్టింది. ఆమె స్కౌట్ల కెప్టెన్ కాబట్టి వాళ్ల తాళ్లు ఎప్పుడూ మా ఇంట్లోనే ఉంటాయి. కుర్చీల మీద, మంచం కింద, ఒకసారి కందిపప్పు డబ్బాలో. మధ్యాహ్నం ముగ్గురు పిల్లలు ముడులు చూపించడానికి వచ్చారు. ముగ్గురి పేరూ శశాంకే. మా నాలుగో సొరంగంలో పుట్టిన మగపిల్లల్లో సగం మందికి చంద్రుడి పేర్లు పెట్టారు. చంద్రుడి మీద పుట్టినవాడికి చంద్రుడి పేరు పెట్టడమంటే భీమవరంలో పుట్టినవాడికి భీమవరం అని పెట్టడమేనని వకుళ అనేది.

పెద్ద శశాంక్ వేసిన ముడి తప్పని విప్పించింది. ముక్కు శశాంక్ ముడి బాగుందంది. చిన్న శశాంక్ తన బొటనవేలినే కట్టేసుకుంటే విడిపించింది. తర్వాత నీళ్లు అడిగింది. వంగితే గ్లాసులో పడుతుందని మెడలో ఉన్న ఈల తీసి నా చేతికిచ్చింది. నీళ్లు తాగి, కాసేపు పడుకుంటానని పడుకుంది. లేవలేదు. గుండె అని డాక్టరు చెప్పాడు.

పరామర్శకు వచ్చినవాళ్లందరూ సాంబారు తెచ్చారు. పిల్లలు వచ్చి వరసగా నిలబడి మూడు వేళ్లతో వందనం చేశారు. వకుళకు అనుకున్నాను. నాకట. ఇక్కడి స్కౌట్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఈల ఎవరి చేతికి ఇస్తే వాళ్లే తర్వాతి కెప్టెన్. శశాంక్‌లు ముగ్గురూ కళ్లారా చూశారు.

నీళ్లు తాగడానికి ఇచ్చిందని చెప్పాను. "అక్క ఏదీ ఊరికే చెయ్యదు సార్" అన్నాడు పెద్ద శశాంక్. అరవై దాటినా ఆమె వాళ్లకి అక్కే.

2

కెప్టెన్ ప్రతి సమావేశం తర్వాతా దినచర్య రాయాలట. రాస్తున్నాను.

నా పేరు పరాంకుశం. నీళ్ల ఇంజనీరుని. ఈ సొరంగంలో తాగిన ప్రతి చుక్కా, చెమట పట్టిన ప్రతి చుక్కా, ఏడ్చిన ప్రతి చుక్కా గాలిలోంచో గొట్టంలోంచో తిరిగి నా పంపుహౌసుకే వస్తుంది. పిల్లలతో పరిచయం తక్కువ.

గోంగూర మడుల పక్క వసారాలో సమావేశం. ఈల ఊదాను. అందరూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

"మీరు కూర్చోకూడదు సార్" అన్నాడు పెద్ద శశాంక్. దళ నాయకుడు. పద్నాలుగేళ్లు, ఏడడుగులు. ఇక్కడ పుట్టిన పిల్లలందరూ సన్నగా పొడుగ్గా ఉంటారు. కిందికి లాగే బరువు లేక పెరిగిపోతారు. "ఒకసారి ఊదితే కూర్చోవాలి. రెండుసార్లయితే లేవాలి. మూడుసార్లయితే పరిగెత్తాలి."

"ఎక్కడికి?"

"అది అక్క చెప్పేది."

చివర అందరితో చెయ్యి కలపాలి. కుడి చెయ్యి చాపాను. వెన్నెల అనే పిల్ల వెనక్కి నెట్టింది. "ఎడమ చెయ్యి సార్. గుండె అటువైపు ఉంటుంది."

గుండె సంగతి నాకు తెలుసన్నాను.

ఇంటికొచ్చాక గోడ పలికింది. మా సొరంగంలో సామానంతా గిడ్డంగి అనే యంత్రం చూసుకుంటుంది. గొంతు మర్యాదగా ఉంటుంది. అదే బాధ.

"పరాంకుశం గారికి గిడ్డంగి నమస్కారాలు. వకుళ గారి బయటి తొడుగు ఒకటి మీ దగ్గర ఉండిపోయింది. తమకు వీలైనప్పుడు చేర్చగలరు."

బయట గాలి ఉండదు. సొరంగం దాటితే ఆ తొడుగు వేసుకోవాలి, ముఖానికి గాజు పెట్టుకోవాలి. వకుళది తలుపు వెనక మేకుకి తగిలించి ఉంది. మోచేతుల దగ్గర ఇంకా వంగే ఉంది.

"ఉతుకుతున్నాను" అన్నాను.

"తొడుగు ఉతకకూడదండీ."

"అందుకే నెమ్మదిగా ఉతుకుతున్నాను."

గిడ్డంగి కాసేపు ఆలోచించింది. "నమోదు చేసుకున్నాను" అంది.

3

ఇవాళ కొత్త పిల్ల వచ్చింది. భూమి నుంచి వచ్చి ఎన్నాళ్లో కాలేదు; తల మీద బొప్పి టోపీ ఇంకా ఉంది. కొత్తగా దిగినవాళ్లందరికీ మెత్త కుట్టిన ఆ టోపీ ఇస్తారు. భూమి మీద అలవాటైన అడుగు ఇక్కడ వేస్తే మనిషి కప్పుకి తగులుతాడు. పిల్ల పేరు పైడితల్లి. పైడి అంటారట. పదకొండేళ్లు. పొట్టిగా, గట్టిగా ఉంది. వంగి నిలబడిన శశాంక్‌ల మధ్య రోలులా ఉంది.

"నన్ను స్కౌట్లలో సేర్సుకోవాల సార్."

"ఎందుకు?"

"బయటికెల్లాల."

ఏడాదికోసారి స్కౌట్లను బయటి నడకకి తీసుకెళ్తాం. ఇంకే పిల్లలకీ పెద్దయ్యేదాకా ఆ తలుపు తీయరు. సొరంగానికి కిటికీలు లేవు. ఇక్కడ పుట్టి, చంద్రుడి నేలని పద్దెనిమిదేళ్లకి చూసినవాళ్లున్నారు.

"బయట రాళ్లు తప్ప ఏమీ ఉండవు" అన్నాను.

"భూమున్నాది గదా సార్, పైన. మాయమ్మకి మాటిచ్చీసినాను. నానక్కణ్నుంచి సెయ్యూపుతాను, నువ్వు సూడు అని సెప్పినాను."

వాళ్లమ్మ కళింగపట్నంలో ఉండిపోయింది. ఊపిరితిత్తులు బాగాలేవని ప్రయాణానికి ఒప్పుకోలేదట. తండ్రి ఇక్కడ తవ్వుడు యంత్రం మీద పనికొచ్చాడు. కూడా నానమ్మ.

"మీ అమ్మకి నువ్వు కనిపించవు."

"కనపడనని అమ్మకీ తెలుసు సార్. అయినా సముద్రం ఒడ్డుకొచ్చి నిలబడతానన్నాది. నాను ఊపకపోతే అమ్మ ఉత్తినే నిలబడీసినట్టవుద్ది గదా."

దళంలో చేరే పరీక్ష పెట్టమని పెద్ద శశాంక్‌కి చెప్పాను.

పరీక్ష పేరు గిన్నె నడక. పంపుహౌసు కుళాయి దగ్గర స్టీలు గిన్నె నిండా నీళ్లు పట్టి, గోంగూర చివరి మడి దాకా తీసుకెళ్లాలి. చుక్క ఒలకకూడదు. ఇక్కడ పుట్టిన పిల్లలు దీన్ని చూడముచ్చటగా చేస్తారు. వాళ్లు నడవరు, జారుతారు. నడుం కదలదు, మడమ లేవదు. పైడివి భూమి మీద పెరిగిన కాళ్లు. ఆ కాళ్లకి తాము ఎక్కడికొచ్చాయో ఇంకా తెలియదు.

మొదటి అడుగుకే లేచింది. టోపీ కప్పుకి తగిలింది. గిన్నెలో నీళ్లు ఆమెను దాటి పైకెళ్లి, కప్పుకి తగిలి, పెద్ద పెద్ద ముద్దలుగా తీరిగ్గా కిందికి దిగాయి. తప్పుకోవడానికి అందరికీ కావలసినంత సమయం ఉంది. ఎవరూ తప్పుకోలేదు. ఇక్కడ వాన పడదు.

"తప్పింది" అన్నాడు పెద్ద శశాంక్, తడిసిన మొహంతో.

పైడి ఏడవలేదు. గిన్నె తీసుకుని మళ్లీ కుళాయి దగ్గరకెళ్లింది. మళ్లీ వాన పడింది. మూడోసారికి పక్క సందులోంచి జనం వచ్చి కింద నిలబడ్డారు.

4

పైడి నానమ్మ సింహాచలమ్మ పంపుహౌసుకు వచ్చింది. ఆమెకూ బొప్పి టోపీయే. కప్పు నుంచి వేలాడే పట్టీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నాతో పోట్లాడింది.

"ఏటి మాస్టరు బాబూ, నా మనవరాల్ని వొద్దన్నారట. ఏటి తప్పు సేసినాది?"

"తప్పేమీ లేదమ్మా. నీళ్లు ఒలికాయి."

"నీల్లొలికితే తుడుసుకోవాల గానీ పిల్లని తోసీడమేటి?"

"పరీక్ష అందరికీ ఒకటేనండీ."

"అందరికీ ఒకటేనా? మీ పిల్లలవి కాల్లా బాబూ, తాటి కమ్మలు. గాలొస్తే ఊగీలాగున్నారు. నా మనవరాలి కాల్లు కాల్లు. ఆటికీ ఈటికీ ఒకే గిన్నేటి?"

తాటి కమ్మల్లో ఒకడు, పెద్ద శశాంక్, అక్కడే ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నేను కూడా రెండుసార్లు తప్పానండీ మామ్మగారూ. ఏడాదంతా నేర్చుకున్నాను. నాకెవరూ తగ్గించలేదు."

"తగ్గించమనలేదు నాయినా. తూకం రాయి సూసుకోమంటన్నాను."

అతను చెప్పిందీ న్యాయమే. ఆమె చెప్పిందీ న్యాయమే. నాకు గొట్టాల పని ఉందని లోపలికెళ్లాను. గొట్టాల పని లేదు.

5

పైడికి సాయం చేద్దామని చిన్న శశాంక్ ఒక ఉపాయం చెప్పాడు. కాళ్లకి మట్టి సంచులు కట్టాలట. కట్టాం. ముడులన్నీ వాడే వేశాడు. పైడి అడుగు వేసింది. ఆమె ఆగింది కానీ సంచులు ఆగలేదు. గోంగూర మడిలో బోర్లాపడింది. లేచి, నోట్లో ఆకు నములుతూ, "పుల్లగుంది సార్, బాగుంది" అంది.

ఉపాయం పోయింది కానీ ఫ్యాషన్ మిగిలింది. ఇవాళ దళంలో అందరూ కాళ్లకి సంచులు కట్టుకొచ్చారు. ఎందుకని అడిగాను. "భూమి నడక సార్" అంది వెన్నెల, ఏనుగులా అడుగులు వేస్తూ. మూడుసార్లు ఈల ఊదాను. ఎవరూ పరిగెత్తలేకపోయారు.

"పరాంకుశం గారికి గిడ్డంగి నమస్కారాలు. ఉతకడం పూర్తయిందా అండీ?"

"ఆరేశాను."

"ఇక్కడ ఎండ లేదండీ."

"అదే ఆలస్యం."

6

నానమ్మ మాట పైడి గట్టిగా పట్టుకుంది. నీళ్లు ఒలికితే తుడుచుకోవాలి. సాయంత్రం గుడ్డ పట్టుకుని పంపుహౌసుకు వచ్చి, ఒలికినదంతా తుడిచి, తొట్టిలో పిండింది. వద్దన్నాను. ఆ నీళ్లు ఎలాగూ నా దగ్గరికే వస్తాయన్నాను.

"మీ దగ్గరికొస్తాయి సరే సార్. నాను ఒంపినానని లెక్క గదా."

పని లేక నిలబడితే ఎగురుతోందని, మూల ఉన్న నీళ్ల డబ్బా ఒకటి అవతల పెట్టమన్నాను. నిండు డబ్బా. శశాంక్‌లైతే ముగ్గురు కలిసి జరుపుతారు. పైడి దాన్ని భుజం మీదికెత్తుకుని నడిచింది.

నడిచింది. ఎగరలేదు. పాదం పూర్తిగా నేలకి ఆనింది. కళింగపట్నం ఇసకలో నడిచినట్టు, నింపాదిగా, కబుర్లు చెబుతూ నడిచింది. డబ్బా దించగానే మళ్లీ కప్పుకి తగిలింది.

ఇంకొకటి మోయమన్నాను. తర్వాత రెండు. నా పంపుహౌసులో డబ్బాలన్నీ ఈ మూల నుంచి ఆ మూలకి చేరాక, మళ్లీ మొదటి చోటికే తెమ్మన్నాను.

"మీకేటైనా మతిమరుపా సార్?" అంది.

ఇంజనీరుకి ఇది ముందే తట్టాల్సింది. ఆ కాళ్లు అడిగేది తక్కువ బరువు కాదు, ఎక్కువ బరువు. మనం గిన్నె ఇచ్చి ఎగరొద్దంటున్నాం.

వకుళ ఉంటే ఇంటికెళ్లి చెప్పేవాణ్ని. ఆమె "ఇప్పుడా తెలిసింది" అనేది. ఇంటికెళ్లాను. ఉప్మా చేసుకున్నాను. ఉప్పు సరిపోయింది.

7

ఒకటో సొరంగం నుంచి హైమావతి గారు వచ్చారు. అన్ని సొరంగాల స్కౌట్లకీ పెద్ద. బయటి నడకకి ముందు ప్రతి దళాన్నీ చూసి, పేర్లు ఖాయం చేస్తారు. సమాన అవకాశాల బాధ్యత కూడా ఆవిడదే. రొమ్ము మీద దానికి వేరే బిళ్ల ఉంది.

పైడి సంగతి చెప్పాను. గిన్నె కాకుండా వేరే పరీక్ష పెట్టనివ్వమన్నాను.

"అలా ఎలా కుదురుతుందండీ?" అన్నారు. "అందరికీ ఒకే గిన్నె, ఒకే దారి, ఒకే కొలత. మనవాళ్లూ పరవాళ్లూ అని లేదు. ఇంతకంటే సమానత్వం ఏముంటుంది చెప్పండి."

"భూమి నుంచి వచ్చిన పిల్లలు ఇంతవరకూ ఎంతమంది నెగ్గారు?"

ఆవిడ గుర్తు చేసుకున్నారు. "ఎవరూ లేరు. వాళ్లకి ఆసక్తి తక్కువ."

పైడి ఆ పక్కనే మూడు గిన్నెల వాన కురిపించి నిలబడి ఉంది. ఆసక్తి జడలోంచి కారుతోంది.

"మీరు చేసి చూపించండి" అన్నారు హైమావతి గారు నాతో. "కెప్టెన్ నడిస్తే పిల్లలకి ఎలాగో తెలుస్తుంది."

నేను ఎప్పుడూ నడవలేదని ఆవిడకి తెలియదు. ఇక్కడ ఇరవై ఏళ్లు ఉన్నా, నావీ భూమి కాళ్లే. పట్టీ పట్టుకోకుండా నేను ఎక్కడికీ వెళ్లను. గిన్నె నింపుకున్నాను. రెండు అడుగులు బాగా పడ్డాయి. మూడోది వేసేటప్పుడు పిల్లలందరూ ఊపిరి బిగపట్టారు. అది వినబడి తడబడ్డాను. నీళ్లు లేచాయి. నా మీంచి, వెన్నెల మీంచి వెళ్లి, హైమావతి గారి నెత్తిన దిగాయి. ముద్దగా, మెల్లగా. ఆవిడ పైకి చూస్తూనే ఉన్నారు. అధికారి పక్కకి గెంతడం బాగోదని అనుకున్నారేమో.

"తప్పింది" అన్నాడు పెద్ద శశాంక్. అలవాటు.

ఎవరూ నవ్వలేదు. పైడి గుడ్డ తెచ్చి ఆవిడ తల తుడిచి, వసారా దాటి తొట్టిలో పిండి వచ్చింది.

"వకుళ గారు ఎంత బాగా నడిచేవారో" అన్నారు హైమావతి గారు, కళ్లు తుడుచుకుంటూ.

పెద్ద శశాంక్ అటూ ఇటూ చూశాడు. "అక్క ఎప్పుడూ నడవలేదండీ."

"అదేమిటి?"

"అక్క చివరి మడి దగ్గర నిలబడేది. మేం తెచ్చిన గిన్నె అందుకుని మడిలో పోసేది. అక్కా నువ్వు కూడా నడు అంటే, నాకు పోసే పనుంది అనేది."

వకుళా భూమి నుంచి వచ్చిందే. నాతో పాటే వచ్చింది.

"మరి ఈ నియమం ఎవరు పెట్టారు? మీ దగ్గరి నుంచే మా సొరంగానికి వచ్చింది" అన్నారు ఆవిడ.

"మీ దగ్గరి నుంచి వచ్చిందనుకున్నాం మేం" అంది వెన్నెల.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట గోంగూర మడులకి వెళ్లే గొట్టం పగిలింది. కొత్త గొట్టం వచ్చేదాకా మడులు ఎండిపోతాయని వకుళ స్కౌట్లను పిలిచింది. ఇంట్లో గిన్నెలన్నీ తీసుకుపోయింది. పిల్లలు పంపుహౌసు నుంచి నీళ్లు మోసి మడులు బతికించారు. ఆ రోజుల్లో నేను చారు గ్లాసుతో తాగాను. మరుసటి ఏడు చేరిన పిల్లలు తామూ మోస్తామని మారాం చేశారు. సరదాకి మోయించింది. ఆ తర్వాతి ఏడు మోయనివాళ్లని మిగతావాళ్లు వెక్కిరించారు. ఆ తర్వాత అదే పరీక్ష అయింది. గొట్టం బాగై ఎన్నో ఏళ్లయింది. గిన్నె మిగిలింది.

ఇదంతా చెప్పాను. హైమావతి గారు తడి జుట్టు ముడేసుకున్నారు.

"అయితే అప్పుడు చూసింది ఒలకకపోవడం కాదన్నమాట."

"మడికి నీళ్లు చేరడం" అన్నాను. "ఎలా చేరితే ఏం? నన్ను చూపించనివ్వండి. ఈసారి మీ మీద పడవు."

"ఈసారి నేను దూరంగా నిలబడతాను" అన్నారు ఆవిడ.

8

గుడారం కర్ర ఒకటి తెప్పించాను. దానికి రెండు కొసలా రెండు నిండు డబ్బాలు, మెడల దాకా నీళ్లతో. తాళ్లు దళానివే. ముడులు ముక్కు శశాంక్ వేశాడు, ఎందుకంటే వాడి ముడి బాగుందని వకుళ అంది.

సింహాచలమ్మ అది చూసి పట్టీ వదిలేసింది. "ఓలమ్మ, కావిడి. మా మావ మోసీవోడు." మనవరాలి భుజం మీద తన తువ్వాలు మడత పెట్టింది. పిల్ల తలమీది బొప్పి టోపీ తీసేసింది.

పైడి కావిడెత్తింది. కుళాయి దగ్గరి నుంచి చివరి మడి దాకా నడిచింది. డబ్బాలు నెమ్మదిగా ఊగాయి. ఆమె వాటి ఊపుతో పాటే అడుగేసింది. చుక్క పైకి లేవలేదు. దారిలో చిన్న శశాంక్ కాళ్లకడ్డంగా నిలబడి చూస్తుంటే, "జరుగురా, బరువుతో ఉన్నాను" అంది. జరిగాడు. మడిలో రెండు డబ్బాలూ వంచింది. గోంగూరకి ఒక వారానికి సరిపడా నీళ్లు ఒక్కసారి వచ్చాయి. కొన్ని మొక్కలు తేలాయి.

హైమావతి గారు చప్పట్లు కొట్టబోయి ఆగారు. పెద్ద శశాంక్ ముందుకొచ్చాడు.

"బాగా మోసింది. కాదనను. కానీ మాకు గిన్నె, తనకి కావిడా? అదెలా సమానం సార్? తనకొక పరీక్ష, నాకొక పరీక్షా?"

వాడు ఏడాది పాటు ఆ గిన్నెతో తిరిగాడు. వాడి కష్టాన్ని ఎవరో తేలిక చేస్తున్నారని వాడి బాధ. జవాబు పైడి చెప్పింది.

"నువ్వూ మొయ్యి అన్నా. నాకేటీ అడ్డు లేదు."

డబ్బాలు మళ్లీ నింపారు. పెద్ద శశాంక్ కర్ర కింద భుజం పెట్టాడు. లేవబోయాడు. ఏడడుగులూ రకరకాల చోట్ల వంగాయి కానీ డబ్బాలు లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. కర్ర కింద నుంచి బయటికి రావడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది.

నేల మీద కూర్చుని కాసేపు మోకాళ్లు చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"ఇదే పరీక్షయితే సార్, ఈ సొరంగంలో పుట్టినవాడు ఒక్కడూ స్కౌటు కాడు."

"అప్పుడు మేమేటనుకునీవోలం తెలుసా అన్నా," అంది పైడి, "ఈల్లకి ఆసక్తి తక్కువ అనుకునీవోలం."

హైమావతి గారు తన బిళ్ల సరిచేసుకున్నారు. ఎర్రబడ్డారు. మర్యాదస్తురాలు, మాట దాటేయలేదు. "ఆ మాట నాదే" అన్నారు. "వెనక్కి తీసుకుంటున్నాను. మడికి నీళ్లు చేరాలి. గిన్నెతోనో కావిడితోనో ఇద్దరు కలిసి మోసో, అది మోసేవాళ్లిష్టం. అన్ని సొరంగాలకీ చెబుతాను."

పెద్ద శశాంక్ లేచి పైడికి ఎడమ చెయ్యి చాపాడు. పైడి కుడి చెయ్యి చాపింది. నేను దాన్ని వెనక్కి నెట్టి, గుండె ఎటు ఉంటుందో చెప్పాను.

9

పైడి మూడు వేళ్లెత్తి వాగ్దానం చేసింది. బయటి నడకకి పేరు ఖాయమైంది. బయట పైకి లేవకుండా దళం మొత్తానికి కావలసిన నీళ్ల డబ్బాలు ఆమే మోస్తుంది. వాళ్లమ్మకి చెప్పేసింది. కళింగపట్నంలో చీకటి పడే వేళ చూసి నడక పెట్టాను. సింహాచలమ్మ మాత్రం, "రోజూ ఫోన్లో మాట్టాడుకుంటన్నారు గదా, మళ్లీ ఊపుడేటి" అని గొణుగుతూనే మనవరాలికి జడ గట్టిగా అల్లుతోంది.

పిల్లలందరి ముందు తొడుగుల కోసం గిడ్డంగిని అడిగాను. వరసగా కొలతలు చెప్పింది. పెద్ద శశాంక్‌కి ఉంది. వెన్నెలకి ఉంది. అందరికీ ఉన్నాయి.

"పైడితల్లి గారికి లేదండీ" అంది. "మా దగ్గరున్న పిల్లల తొడుగులన్నీ పొడుగు సన్న రకాలు. ఇక్కడ పుట్టినవారి కోసం కుట్టించినవి. వారికి పొట్టి వెడల్పు రకం కావాలి. కొత్తది భూమి నుంచి రావాలి. వచ్చే ఏడు నడకకి అందవచ్చు."

పైడి నా పక్కనే ఉంది. కాలి బొటనవేలితో నేలని నొక్కి పట్టుకుని నిలబడింది, ఎగరకుండా.

"ఒక్కటీ లేదా?" అన్నాను.

"ఆ కొలతలో సొరంగం మొత్తానికి ఒక్కటే ఉందండీ" అంది గిడ్డంగి. "ప్రస్తుతం అది ఉతుకులో ఉందని పరాంకుశం గారు చెబుతున్నారు."

పిల్లలందరూ నా వైపు చూశారు. శశాంక్‌లు ముగ్గురూ మాత్రం నేల వైపు చూశారు. వాళ్లకి అది తలుపు వెనక మేకుకి ఉందని తెలుసు. తాళ్లకని మా ఇంటికి వస్తూనే ఉంటారు.

"ఆరిందో లేదో చూసొస్తాను" అన్నాను.

10

ఆరింది.

మేకు మీంచి తీసి బల్ల మీద పరిచాను. మోచేతుల వంపులు సాపు కావడానికి కొంత సేపు పట్టింది. జేబులో సోంపు గింజలున్నాయి. గాజు తీస్తే గానీ నోట్లో వేసుకోలేని చోటికి సోంపు ఎందుకు తీసుకెళ్లేదో నాకు తెలియదు. తీసి సీసాలో పోసి, సీసా అలమరలో పెట్టాను. మేకు అలాగే ఉంచాను.

పైడిని పిలిచి తొడిగి చూశాను. భుజాలు సరిపోయాయి. నడుము సరిపోయింది. కాళ్లు కొంచెం పొడవు.

"బాగున్నాది సార్. మెత్తగున్నాది." గుండె మీద రాసి ఉన్న పేరు కిందికి చూస్తూ చదివింది. "వ-కు-ళ. ఈవిడ మీ ఆవిడా సార్?"

"అవును."

"పొట్టిగుండీవోరా?"

"నీ అంత కాదు."

"మంచోరేనా?"

"ఉప్పు విషయంలో కాదు" అన్నాను.

పైడి ఆలోచించింది. ఏదో అర్థమైనట్టు తలూపింది.

గోడ పలికింది. "పరాంకుశం గారికి గిడ్డంగి నమస్కారాలు. తొడుగు వేరొకరికి ఇస్తున్నట్టు తెలిసింది. సంతోషం. పాత పేరు చెరిపి కొత్త పేరు వేయించగలరు."

గుడ్డ తీసుకున్నాను. చేతిలోనే ఉంచుకున్నాను.

"సెరిపీకండి సార్" అంది పైడి. "సోటుంది గదా. ఆ కింద నాది రాసీండి. ఇద్దరం సరిపోతాం."

"ఒక తొడుగుకి ఒకే పేరు ఉండాలండీ" అంది గిడ్డంగి.

"ఆ నియమం ఎవరు పెట్టారు?" అన్నాను.

గిడ్డంగి చాలాసేపు వెతికింది. "దొరకలేదండీ" అంది చివరికి. "నమోదు చేసుకున్నాను."

పైడి వెళ్లేటప్పుడు వందనం చేసింది. ఎగిరింది కానీ కప్పుకి తగల్లేదు. ఒక చేయి అడ్డం పెట్టుకుంది. నేర్చుకుంటోంది.

రేపు నడక. ఉదయం పంపుహౌసుకి వెళ్లను. తొడుగు కాళ్ల పట్టీలు రెండు కన్నాలు బిగిస్తాను. వకుళ పేరు కింద పైడి పేరు రాస్తాను. పిల్లలందరినీ ఒకే తాడుకి కట్టి, ముందు పైడిని డబ్బాలతో నిలబెట్టి, చివర నేను కట్టుకుంటాను. బయట గాలి ఉండదు కాబట్టి ఈల వినబడదు. అయినా ముఖానికి గాజు పెట్టుకోక ముందే ఒకసారి ఊదుతాను, అందరూ కూర్చుంటారు. మళ్లీ రెండుసార్లు ఊదుతాను, లేస్తారు. అప్పుడు అందరం గాజు పెట్టుకున్నాక తలుపు తీసి, భూమి ఎటువైపు ఉందో పైడికి చూపిస్తాను.